రాజముద్ర మీద మా అమ్మ

మా అమ్మ నాట్లు వేసేటప్పుడు ముందుకు నడుస్తుందని మన రాష్ట్రం చట్టం చేసింది. నవ్వకండి, నాకు నవ్వు రావడం లేదు. బిల్లు పెట్టారు, బిల్లు వెనక షెడ్యూల్లో బొమ్మ పెట్టారు, బల్లలు చరిచారు, మూజువాణి ఓటుతో పాస్ చేశారు. ఆ బొమ్మ మొదట గీసింది నేను. దాన్ని తలకిందులు చేస్తుంటే పక్కన కూర్చుని సంతకం పెట్టింది కూడా నేనే. అందుకే ఈ కథలో ఎవరినైనా తిట్టాల్సి వస్తే ముందు నన్ను నేను తిట్టుకుని, ఆ తర్వాతే మిగతావాళ్ళ జోలికి పోతాను.

మాది రేపల్లె. పొద్దున్నే తెనాలి రైలెక్కి, అక్కడొక ఫ్లెక్సీ షాపులో సాయంత్రం దాకా కంప్యూటర్ ముందు కూర్చోవడం నా ఉద్యోగం. నాయకుల పుట్టినరోజులకి వాళ్ళ మొహాల మీద ముడతలు తీసేస్తాను, పొట్టలు తగ్గిస్తాను. పెద్ద నాయకుడి పక్కన చిన్న నాయకుణ్ణి ఎంత సైజులో పెడితే గొడవ రాదో నాకు బాగా తెలుసు. షాపు ఓనరు ఉదయ్ కిరణ్‌ని ఉదయన్నా అంటాను. చెడ్డవాడు కాదు. ఎవరి ఫ్లెక్సీలోనైనా ఒక మూల తన ఫోటో పెట్టించుకునే జబ్బు ఒక్కటే ఉంది.

మే నెలలో ప్రభుత్వం ప్రకటన ఇచ్చింది. రాష్ట్రానికి కొత్త జెండా, కొత్త రాజముద్ర. వానాకాలం సమావేశాల్లో బిల్లు పెడతారు, ఈలోగా ప్రజలు ఎవరైనా బొమ్మలు పంపవచ్చు. జెండా దగ్గరే పెద్ద రభస జరిగింది. ఏ రంగు పేరెత్తినా అది ఎవరో ఒకరి పార్టీ రంగే. చివరికి తెల్లగుడ్డ మధ్యలో రాజముద్ర వేస్తే చాలని తేల్చారు. గోపురాలు, సింహాలు, పూర్ణకుంభాలు బస్తాల కొద్దీ వచ్చాయట. నేను మా అమ్మని పంపాను.

మా అమ్మ పేరు కరుణ. నాట్ల ముఠాకి మేస్త్రి. పదేళ్ళప్పుడు బురదలో దిగింది, ఇప్పటికి నలభై ఏళ్ళు దాటింది. పొలం ఎరగనివాళ్ళ కోసం ఒక్క ముక్క చెబుతాను. నాట్లు వేసే ఆడవాళ్ళు వెనక్కి నడుస్తారు. వంగి, ఎడమచేతిలో నారు పట్టుకుని, కుడిచేత్తో రెండేసి మూడేసి మొక్కలు బురదలో గుచ్చుతూ, ఒక్కో అడుగూ వెనక్కి వేస్తారు. వేసిన పచ్చదనమంతా కళ్ళ ముందు ఉంటుంది, వేయాల్సిన నీళ్ళ మడి వీపు వెనక ఉంటుంది. కాలు ఎప్పుడూ ఖాళీ బురదలోనే పడుతుంది. నేను గీసింది అదే. గుండ్రటి గీతలో వంగిన ఒక ఆడమనిషి, ఆమె ముందు పచ్చటి వరసలు, వెనక నీళ్ళు. అంతే.

నా బొమ్మ ఎంపికైందని జూన్ చివర్లో ఫోన్ వచ్చింది. ఆ మధ్యాహ్నమే ఉదయన్న అభినందనల ఫ్లెక్సీ వేయించాడు. డిజైన్ నేనే చేశాను. నా ఫోటో అరచేయంత, ఆయన ఫోటో తలుపంత. ఆ రోజు నాకు దాని మీద కూడా కోపం రాలేదు.

ఇంటికి ఒక ప్రింటు పట్టుకెళ్ళి అమ్మకిచ్చాను. చేతులు కొంగుకి తుడుచుకుని, గుమ్మం దగ్గర వెలుతురులో పెట్టి చూసింది.

"మొక్కలు ఇరుగ్గా ఏశావే. ఇట్టా ఏస్తే పిలకలు ఎట్టా తొడుగుద్ది?"

"అమ్మా, అది బొమ్మ."

"బొమ్మైతే మాత్రం? ఎవురీ మనిషి?"

"నువ్వే."

"మొహం లేదుగా."

"వంగితే మొహం ఎక్కడ కనపడుద్దమ్మా?"

అమ్మ బొమ్మలో నడుము మీద వేలు పెట్టి చూసింది. తర్వాత పక్కింటి సారా పిన్నిని కేకేసింది. సారా పిన్ని కూడా అమ్మ ముఠాలోనే చేస్తుంది. "ఇదిగో సారా, ఇక మీదట గవర్నమెంటు కాయితాలన్నిటి మీదా మనమే అంట. మనం ఒంగి ఉంటే ఆళ్ళు సంతకాలు పెట్టాలంట." ఇద్దరూ విరగబడి నవ్వారు. తెల్లారేసరికి ముఠాలో పదిమందీ ఆ నడుము నాదంటే నాదని వాదులాడుకున్నారు. మా అమ్మని నేను అంత సంతోషంగా చూసిన రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు.

జులైలో కాలవలకి నీళ్ళు వదిలారు. నారు కోసం ఆకుమళ్ళు పోసిన వారానికి నన్ను బాపట్ల రమ్మన్నారు. ఉదయన్న తన కారులో తీసుకెళ్ళాడు. ముందు సీట్లో చెంచురామయ్య గారు కూర్చున్నారు. చెరుకుపల్లి రోడ్డులో నలభై ఎకరాల ఆసామి, పార్టీలో పెద్ద తలకాయ. అమ్మ ముఠా ఏటా ముందు ఆయన చేలోనే దిగుతుంది. ఆ లెక్కన రాజముద్ర తన పొలంలోనే పుట్టిందని ఆయన అప్పటికే నాలుగు ఊళ్ళలో చెప్పుకున్నారు.

ఒక కల్యాణమండపం పై అంతస్తులో ఏసీ గది. బొమ్మలు ఎంపిక చేసే కమిటీ తరఫున ప్రమీల గారనే మేడం వచ్చారు. చాలా మర్యాదస్తురాలు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, కాఫీ తెప్పించి, ల్యాప్‌టాప్ తిప్పి చూపించారు. నా గుండ్రటి గీత ఉంది. వంగిన మనిషి ఉంది. పచ్చటి వరసలు మాత్రం ఆమె వెనక్కి పోయాయి. ముందు ఖాళీ నీళ్ళు, నీళ్ళ చివర ఉదయిస్తున్న సూర్యుడు.

"చిన్న మార్పమ్మా," అన్నారు మేడం. "నీ బొమ్మలో మనిషి వెనక్కి వెళుతున్నట్టుంది. రాష్ట్ర చిహ్నం మీద వెనక్కి నడిచే మనిషి ఉంటే ప్రతిపక్షం ఊరుకుంటుందా? రాష్ట్రం వెనక్కి పోతోందని రోజూ అదే పాట. అందుకని ముందుకి నడిపించాం. ఆమె నడిచిన చోటల్లా పచ్చదనం. ఎంత బాగుందో చూడు."

"మేడం, నాట్లు వెనక్కే వేస్తారండి. ముందుకి నడిస్తే వేసిన మొక్కల్నే తొక్కుతారండి."

"అంత వివరంగా ఎవరు చూస్తారమ్మా?"

"వేసేవాళ్ళు చూస్తారండి."

నేనన్న మంచి మాట ఆ రోజు మొత్తానికి అదొక్కటే. చెంచురామయ్య గారు నవ్వారు. "ముందుకి నడిస్తే తప్పేంటమ్మాయ్? నాట్లేసే మిషన్లు వచ్చినయ్ చూడు, అయ్యి ముందుకే పోతయ్. రేపటి రోజు ఆటిదే." ఉదయన్న నా చెవిలో, "పెట్టెయ్ రూబీ, చట్టంలో నీ పేరు పడుద్ది, ఎవరికి వస్తది చెప్పు," అన్నాడు. మేడం పెన్ను మూత తీసి మరీ నా చేతికిచ్చారు. మార్పులతో కూడిన ఈ చిత్రం నాదేనని, దీనికి నా పూర్తి అంగీకారం ఉందని ఆ కాగితంలో ఉంది. గదిలో అందరూ నా వైపు నవ్వుతూ చూస్తున్నారు. అన్ని నవ్వుల మధ్య కాదని చెప్పడం నాకు చేతకాలేదు. సంతకం పెట్టాను. శాలువా కప్పారు.

అమ్మకి చెప్పలేదు. చెబుదామని రోజూ అనుకుంటూ పది రోజులు గడిపాను. ఈలోగా పేపరువాళ్ళే చెప్పేశారు. ముసాయిదా బిల్లు, రాజముద్ర బొమ్మ మొదటి పేజీలో రంగుల్లో వేశారు. పొద్దున్నే ముఠా ఆటో ఎక్కే చోట టీ కొట్టు దగ్గర ఎవరో అమ్మకి చూపించారు. అమ్మ ఆటో ఎక్కకుండా ఇంటికి తిరిగొచ్చింది. నేను రైలుకి తయారవుతున్నాను.

"ఇదేంటే?"

"వాళ్ళు మార్చారమ్మా."

"మారిస్తే నువ్వేం చేశావే?"

పేపర్లో బొమ్మ కింద నా పేరు ఉంది, నేను సంతోషం వ్యక్తం చేసినట్టు కూడా రాశారు. అమ్మకి చదవడం రాదు, తన సంతకం ఒక్కటే నేర్చుకుంది. కానీ దారిలో ఎవరో చదివి వినిపించినట్టున్నారు.

"నలభై ఏళ్ళలో ఒక్క మొక్క తొక్కలేదే నేను," అంది. గొంతు పెంచలేదు. "జరంతో దిగినప్పుడు గూడా తొక్కలా. కడుపులో నువ్వున్నప్పుడు గూడా తొక్కలా."

పేపరు మడిచి పీట మీద పెట్టి వెళ్ళిపోయింది. ఆ తర్వాత నాతో మాటలు ఆగిపోయాయి. అన్నం పెట్టేది, నీళ్ళు తోడేది, మాట మాత్రం లేదు. బయట వేరే గోల మొదలైంది. ఏ చేలోకి దిగినా పక్క ముఠాలవాళ్ళు గట్టు మీద నుంచి ఎకసెక్కాలు. "కరుణక్కా, ముందుకి నడిచి ఏసేది మాకు గూడా నేర్పియ్యవా?" మేస్త్రికి ఉండే ఆస్తి ఆమె పనితనం మీద నలుగురికీ ఉన్న నమ్మకమే కదా. దాన్ని నేను శాలువా కప్పించుకుని ఇచ్చేసి వచ్చాను. ఆ శాలువాని ట్రంకు పెట్టె అడుగున కుక్కాను. తగలబెట్టాలనిపించింది గానీ అదీ చేతకాలేదు.

ఆగస్టు రెండో వారంలో అసెంబ్లీ మొదలవుతుందనగా చిత్రీకరణకి వస్తున్నామని కబురొచ్చింది. బిల్లు సభలో పెట్టే రోజు టీవీల్లో వేయడానికి చిన్న వీడియో కావాలట. రాజముద్ర మీది మనిషి నిజంగా పొలంలో పని చేస్తూ కనిపించాలట. ఎక్కడో ఎందుకు, చెంచురామయ్య గారి చేలోనే. ఉదయన్న ఆ రోజు షాపుకి సెలవిచ్చి నన్ను కూడా తీసుకెళ్ళాడు. గట్టు మీద షామియానా, కుర్చీలు, కూల్‌డ్రింకులు. లోకల్ ఛానల్ అబ్బాయి మైకు పట్టుకుని లైవ్ అంటూ తిరుగుతున్నాడు.

ముఠా పొద్దుటి నుంచి పనిలో ఉంది. అప్పటికే సగం మడి పచ్చబడింది. అమ్మ నన్ను చూసింది, చూడనట్టు తల తిప్పుకుంది.

కెమెరా అతను గట్టు మీద నుంచి అరిచాడు. "అమ్మా, మీరు అటు కాదు, ఇటు తిరగండి! వేసిందంతా మీ వెనక కనపడాలి. ముద్రలో ఉన్నట్టు ముందుకి నడుస్తూ నాటండి!"

పదిమందీ నడుములు ఎత్తి అమ్మ వైపు చూశారు. ప్రమీల మేడం గొడుగు కిందనుంచి, "ఒక్క రెండు నిమిషాలేనమ్మా," అన్నారు. చెంచురామయ్య గారు కుర్చీలో కూర్చునే చెయ్యి ఊపారు. "చెప్పినట్టు చెయ్యవే కరుణా, పెద్దోళ్ళు అడుగుతన్నారు."

అమ్మ కొంగు బిగించింది. "ఇనపడిందా? ఇటు తిరగండే," అంది ముఠాతో.

సారా పిన్ని గొణిగింది. "అక్కా, నారు పాడైపోద్దే."

"తిరగమన్నారు, తిరుగు."

పదకొండు మందీ వేసిన మడికి వీపు పెట్టి, ఖాళీ బురద వైపు తిరిగి వంగారు. ఒక వరస గుచ్చారు. ఒక అడుగు ముందుకి వేశారు. వేసిన మొక్కలు కాళ్ళ కింద బురదలోకి పోయాయి. ఇంకో వరస గుచ్చారు, ఇంకో అడుగు వేశారు. ఎవరూ నవ్వడం లేదు, మాట్లాడటం లేదు. నారుకట్ట విప్పడం, గుచ్చడం, తొక్కడం. అంత శ్రద్ధగా పని చెడగొట్టడం నేనెప్పుడూ చూడలేదు. వాళ్ళ వెనక మడి పచ్చగా ఏమీ లేదు. చితికిన ఆకులు నీళ్ళలో తేలుతున్నాయి.

నాలుగో వరసకి చెంచురామయ్య గారు కుర్చీ తన్నుకుని లేచారు. "ఏయ్! ఏయ్ కరుణా! కళ్ళు దొబ్బినయ్యా? నారంతా తొక్కేస్తన్నావే! ఆపండెహె!"

అమ్మ ఆగి, నడుము మీద చెయ్యి పెట్టుకుని లేచి నిలబడింది. ఛానల్ అబ్బాయి గట్టు చివరికి పరిగెత్తి మైకు చాపాడు. "ఎందుకమ్మా తొక్కుతున్నారు?"

"ముద్రలో ఇట్టాగే ఉందంటగా బాబూ," అంది అమ్మ. "చట్టం గూడా చేస్తన్నారంట. మా అమ్మాయి సంతకం గూడా పెట్టింది."

నా వైపు చూడకుండా అంది. చూసి అన్నా బాగుండేది. గట్టు మీద ఉన్నవాళ్ళంతా మాత్రం నా వైపే చూశారు.

కెమెరాలు గబగబా సర్దేశారు. షామియానా విప్పుతుండగా చెంచురామయ్య గారు రేపటి నుంచి ముఠా రానక్కర్లేదని, మిషను పిలిపిస్తున్నానని చెప్పారు. మా నలభై ఎకరాల పని అలా పోయింది. అమ్మ సరేనండి అంది. ఆటో వచ్చింది గానీ ముఠాలో ఎవరూ ఎక్కలేదు. తొక్కిన చోటంతా చేత్తో చదును చేసి, మిగిలిన నారుతో ఆ నాలుగు వరసలూ మళ్ళీ వేశారు. ఈసారి వెనక్కి నడుస్తూ. పొద్దు వాలేదాకా నేను గట్టు మీదే ఉన్నాను. దిగుదామని రెండుసార్లు అనుకున్నాను. రమ్మని ఎవరూ అనలేదు.

మర్నాడు బాపట్ల వెళ్ళి, ఆ బొమ్మ నాది కాదని, నా సంతకం వెనక్కి తీసుకుంటున్నానని కమిటీకి రాసిచ్చాను. ప్రమీల మేడం బయటికి రాలేదు. ఒక గుమాస్తా తీసుకుని, వెనకాముందూ చూసి, ఫైల్లో పెట్టాడు. ఛానల్ అబ్బాయి తీసిన వీడియో రెండు రోజులు అందరి ఫోన్లలో తిరిగింది. ప్రతిపక్షంవాళ్ళు సభకి నారుకట్టలు పట్టుకొచ్చారు, మార్షల్స్ లాక్కున్నారు. మొక్కలు తొక్కే ప్రభుత్వమని వీళ్ళు అరిచారు, అభివృద్ధి చూడలేని కళ్ళని వాళ్ళు అరిచారు. ఆ అరుపుల్లో ఒక్కరంటే ఒక్కరు కూడా నాట్లు ఎటు నడిచి వేస్తారో చెప్పలేదు. బిల్లు మీద చర్చ పదకొండు నిమిషాలు జరిగింది. షెడ్యూల్లో 'రూపకల్పన: రూబీ' అన్న చోట 'రూపకల్పన: కమిటీ' అని మార్చారు. వాళ్ళు చేసిన సవరణ అదొక్కటే.

అమ్మ ముఠా రేపల్లె నుంచి బస్సులో ఏటి పక్కన దూరపు లంకలకి వెళ్ళడం మొదలుపెట్టింది. అక్కడ చిన్న కమతాలు, మిషన్లు దిగని మళ్ళు ఇంకా ఉన్నాయి. చీకటితో లేచి పోవడం, చీకటి పడ్డాక రావడం. మా మధ్య మాట అప్పటికీ లేదు.

సెప్టెంబరులో చెంచురామయ్య గారు షాపుకొచ్చారు. ఒక కాగితానికి లామినేషన్ చేయించాలన్నారు. ఉదయన్న నా చేతికిచ్చాడు. నాట్లేసే మిషను కొనడానికి ఆయనకి రాయితీ మంజూరైన ఉత్తరం. పైన మధ్యలో కొత్త రాజముద్ర, తళతళలాడుతోంది. మా అమ్మ వంగి, తను వేసిన వరసల్ని వెనకేసుకుని, సూర్యుడికేసి నడుస్తోంది. ఆమె పనిని తీసుకుపోయే కాగితం మీద ఆమె చేతే ముద్ర వేయించారు. ఫోన్లో ఫోటో తీసుకుని, కాగితం బల్ల మీద పెట్టి, "నేను చెయ్యనన్నా, ఇంకెవరితోనైనా చేయించుకోండి," అని బ్యాగు తీసుకుని వచ్చేశాను. ఉదయన్న వెనక నుంచి పిలుస్తూనే ఉన్నాడు. మళ్ళీ ఆ షాపు మెట్లు ఎక్కలేదు.

ఆ సాయంత్రం అమ్మ కాళ్ళు కడుక్కుని వచ్చి కూర్చున్నాక ఫోన్ ముందు పెట్టాను. అమ్మ చాలాసేపు చూసింది. వేలితో పెద్దది చేసి మళ్ళీ చూసింది.

"నీ పేరు తీసేశారా?" అంది. నెల రోజుల తర్వాత నాతో అన్న మొదటి మాట.

"తీసేశారమ్మా. నేనే తియ్యమని రాసిచ్చాను."

"బొమ్మ?"

"ఉంచుకున్నారు."

అమ్మకి అప్పుడొచ్చింది కోపం. ఫోన్ నా ఒళ్ళో పడేసింది. "నీకేమన్నా బుద్ధుందా? నీ పేరు తియ్యమని ఎవురడిగారే? నీ పేరు పోతే నీకు సిగ్గు పోయింది. నేను ఆ కాయితాల మీద తొక్కుతానే ఉన్నాగా! నువ్వు ఒడ్డుకొచ్చి నన్ను బురదలో వొదిలేశావు."

నేను ఏడ్చాను. అమ్మ ఏడవనివ్వలేదు.

"ఏడుపు తర్వాత. కాయితం, పెన్ను తీసుకురా. ఈసారి నా పేరు మీద రాయి. ఒంగింది నేను."

"ఎవరికి రాయమంటావు?"

"ఆ చట్టం చేసినోళ్ళందరికీ. ఎంతమందుంటే అన్ని రాయి. ముఠా అంతా సంతకాలు పెడతాం, రానోళ్ళు ఏలి ముద్ర ఏస్తారు."

"చట్టం అయిపోయిందమ్మా. ఇప్పుడు రాస్తే మారుస్తారా?"

"మార్చకపోతే మళ్ళీ రాద్దువు గానీ. నాకు నలభై ఏళ్ళు నడుము ఒంచే ఓపికుంది, నీకు కాయితం రాసే ఓపిక లేదా?"

కాగితం మోకాళ్ళ మీద పెట్టుకున్నాను. అమ్మ ఎదురుగా కూర్చుని, నా చేతికేసి చూస్తూ, నేను అందుకునేలా ఒక్కో మాటా ఆగి ఆగి చెప్పింది.

"కరుణ అనే నేను నాట్లు ఏసేటప్పుడు ఎనక్కే నడుస్తాను. ఒక్క మొక్క గూడా ఎప్పుడూ తొక్కలేదు. తొక్కానని మీరు రాసుకున్నారు, అది అబద్ధం. కొట్టెయ్యండి."